నూట పద్దెనిమిదో పేజీ, కింది సగం

మిర్చియార్డు వైపు నుంచి గాలి మళ్ళితే
నల్లపాడు హైస్కూల్లో తొమ్మిదో తరగతంతా
ఒక్కసారే తుమ్ముతుంది.
నవ్వులయ్యాక సాంఘికశాస్త్రం తెరిచాం.
పై సగమంతా యుద్ధం, తేదీలు, ఒక సేనాపతి మీసం.
కింద తపాలాబిళ్ళంత బొమ్మ:
పత్తిచేలో వంగిన నల్లవాళ్ళు,
అచ్చు సరిగా పడక మొహాలన్నీ సిరా మరకలు.
"తోటల్లో బానిసలు" అని రాశారు.
అంతే.

ఎప్పుడు తెచ్చారు, ఎప్పుడు విడిచారు,
రెండు మార్కులు, గీత గీసుకోండి అన్నాను.
పదమూడేళ్ళుగా అంటున్నదే.

మూడో బెంచీలోంచి సువార్త లేచింది.
దసరా నుంచి క్రిస్మస్ దాకా శనివారాలు రాదు,
రిజిస్టర్లో నేను "జ్వరం" అని రాస్తుంటాను.

"మేడమ్, ఈమె సంచి భుజానికేసుకుంది.
ఇట్టా అయితే మద్దేన్నానికే మెడ పట్టుకుపోద్ది.
మా అమ్మయితే నడుముకి ఒడి కట్టుద్ది."

ఈమె.
ఆ మరకలో ఒక ఆడమనిషి ఉందని
నాకు ఇవాళే తెలిసింది.

వెనకనుంచి ఎవడో "కర్రిదానికి కర్రిది తెలుసు" అన్నాడు.
తరగతి నవ్వింది.
నేను డస్టరు పట్టుకుని నిలబడిపోయాను, కోప్పడాల్సిన క్షణం దాటిపోయేదాకా.

సువార్త కూర్చోలేదు.
"ఆమె పేరేంటి మేడమ్?"
పుస్తకంలో లేదమ్మా. తోట యజమాని చిట్టాలో ఉండుంటుంది,
ఇంటిపేరు లేకుండా,
కంచరగాడిదల లెక్క కింద, రోజుకెంత ఏరిందో ఆ తూకం పక్కన.
"మా మేస్త్రీకీ పుస్తకముంది. నా పేరు సువర్త అని రాశాడు."

ఆ పూట పాఠం నా చేతిలో లేదు.
అక్కడ యుద్ధమొచ్చి ఓడలు ఆగితే
ఇక్కడి రేగడి పత్తికి ధర లేచిందని చెప్పాను.
లేచిన ధర ఎవరింట మేడై లేచిందని
ఒక కుర్రాడు అడిగాడు, అదే వెనక బెంచీవాడు.
గంట కొట్టారు. నాకు జవాబు రాదు,
గంట కొట్టినందుకు సంతోషించాను కూడా.

యూనిట్ టెస్టుకి ప్రశ్న మార్చాను:
బొమ్మలోని ఆమె సాయంత్రం తూకం దగ్గర
ఏం అనుకుని ఉంటుంది? ఐదు మార్కులు.
నలభై ఒక్క పేపర్లొచ్చాయి.
ఒకడు "ఆకలి" అని ఒక్క మాట రాసి
మిగతా పేజీలో తక్కెడ గీశాడు.

సువార్త పేపరు లేదు.
పరీక్ష శనివారం పెట్టింది నేనే.

రిజిస్టర్ తెరిచి "జ్వ" దాకా రాసి
కొట్టేసి
"పత్తి" అని రాశాను.

సోమవారం హెడ్మాస్టరు పిలిచారు.