పలక మీది చేపలు

కొత్తపట్నంలో మూడు రోజులు
మేం పొయ్యి వెలిగించలేదు.

పలకల ఫ్యాక్టరీకి కరెంటు కోత,
నాన్న జేబులో అయిదు నెలల బకాయి జీతం ఒక్కసారే.
"సముద్రం చూద్దాం పదండి" అన్నాడు,
పక్కింటాయన్ని చూసొద్దామన్నంత తేలిగ్గా.

మార్కాపురంలో బస్సెక్కే ముందు అమ్మ సంచిలో
జొన్నరొట్టెలు, మిరపకాయ పచ్చడి సీసా, ఉల్లిగడ్డలు,
అడుగున గుడ్డలో చుట్టిన కత్తిపీట.
కత్తిపీట నాన్న ఇంట్లో పెట్టొచ్చాడు.
పొదిలి దాటకముందే రొట్టెలైపోయాయి.
ఒంగోలు బస్టాండులో సీసా పగిలింది.
ఇంక హోటలే.

హోటలని బోర్డేం లేదు.
తాటాకు పందిరి, నాలుగు నీలం కుర్చీలు,
అయిదోదానికి ఒక కాలు బదులు ఇటుకలు.
కూర్చునేకొద్దీ ఇసకలో దిగబడి
అందరం జానెడు పొట్టివాళ్లమయ్యాం.
తమ్ముడు సైదులుకి బల్ల గడ్డం దాకా వచ్చింది.

గుంజకి తగిలించిన పలక మీద సుద్దతో
వంజరం. సందువా. కానాగంతలు.
పీతలు అని రాసి పక్కన ఒక అడ్డగీత.
"అదేంది?" అంటే
"వస్తే ఉంటాయి" అంది పోలమ్మ.

అందరూ ధర చూస్తారు.
నాన్న లేచెళ్లి పలకనే ఊడదీశాడు.
వెనక్కి తిప్పాడు, అంచు మీద బొటనవేలు రాశాడు,
గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"మన రాయే నాగూర్‌బీ" అన్నాడు.
పద్నాలుగేళ్లు రాయి చీల్చినవాడు
దాని మీద అఆలే రాస్తారనుకున్నాడు అప్పటిదాకా.

"ఏందయ్యో, నా చేపల్ని చెరిపేస్తన్నావే!"
పోలమ్మ గరిటెతో సహా వచ్చింది.
అప్పటికే వంజరం సగం
నాన్న అరచేతికి అంటింది.
"ఇంక అది నువ్వే తినాల. చెయ్యి కడుక్కోని రా."

బయట తినాలంటే నాన్న ఒక మాట అడగాలి,
గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి:
కోసిందెవరని.
చేప దగ్గర ఆ మాటతో పనిలేదు.
మూడు రోజులూ నాన్న గొంతు
మామూలుగానే ఉంది.

అమ్మకే కుదురు లేదు.
"మెంతులు మాడినాయి" అంది మొదటి పూట.
"చింతపండు పాతది" అంది రాత్రికి.
వంటపాక వైపు చూస్తా
ఒళ్లో కుడిచెయ్యి మెల్లగా తిరగతా ఉంది,
కనపడని గిన్నెలో కనపడని గరిటె.
మర్నాడు పొద్దున్నే, ఇడ్లీ ముందర పెడితే,
"రాత్రి పులుసు మిగిలిందా" అని
తనే అడిగింది, పోలమ్మని కాదు, సముద్రాన్ని అడిగినట్టు.
పోలమ్మ చట్టి చట్టే తెచ్చి పెట్టింది.

ఆఖరి రోజు పీతలొచ్చాయి.
కాళ్లు పళ్లతో పగలగొట్టి, లోపలి కండ
చిట్లకుండా తీసి నాన్న అమ్మ ఆకులో వేశాడు.
అమ్మ దాన్ని మా ఆకుల్లోకి తోయబోయింది.
సైదులు ఆకు నిండా ఉంది, నా ఆకూ నిండానే.
ఎటూ తోయడానికి లేక
కాసేపు అట్నే చూస్తా కూర్చుని
తినింది.
గాలికి ఆకు అంచు లేస్తే
మోచేత్తో అదిమిపెట్టి మరీ తినింది.

లెక్క కూడా ఆ పలక మీదే.
తడిగుడ్డతో చేపలన్నీ తుడిచి
పోలమ్మ అంకెలేసింది. ఎంతయిందో నాకు గుర్తులేదు.
"అంచు పెచ్చులూడింది, కొత్తది పంపిస్తా"
అన్నాడు నాన్న.
పంపించాడో లేదో అదీ తెలీదు.

ఇంటికొచ్చిన రాత్రి
కందిపప్పు, ఎండుమిరపకాయ తాలింపు.
పళ్లేల ముందు మేం నలుగురం కూర్చోవాల్సింది
ముగ్గురమే కూర్చున్నాం. అమ్మ
గరిటె నడుముకి ఆనించి నిలబడి
"ఏం కావాల?" అంది, అచ్చం పోలమ్మ గొంతుతో.
నాన్న గోడకేసి చూశాడు, అక్కడ మేకు తప్ప ఏం లేదు.
చాలాసేపు చదివాడు.
"పీతలున్నాయా?"

అమ్మ నవ్వలేదు.
"వస్తే ఉంటాయి" అంది.