పొగమంచుకు పేర్లు

మంగళవారం తొమ్మిదింటికి
మూడు దీవులు ఒకే కాగితం మీదికి ఎక్కుతాయి.

నా గదిలో ముగ్గురు.
నీళ్ళకు అవతల స్వినోయ్‌లో ఇద్దరు.
ఫూగ్లోయ్‌లో రన్‌వా ఒక్కతే.
ఆ బడిలో మొదటి ర్యాంకూ తనదే, చివరి బెంచీ తనదే.

కాగితమంటే కాగితం కాదు లెండి,
తెర మీద తెల్లటి చోటు.
ఒక్కొక్కరికీ ఒక్కో రంగు గీత, నిలబడి మినుకుమంటూ ఉంటుంది.
ఎవరు ఆలోచిస్తున్నారో
ఎవరు కిటికీలోంచి గొర్రెల్ని లెక్కపెడుతున్నారో
ఆ మినుకును బట్టి చెప్పగలను ఇప్పుడు.
ముప్పై ఒక్క ఏళ్ళు సుద్దముక్కతో బతికినదాన్ని,
మొదటి నెలంతా
వేళ్ళు తెల్లగా లేవేమిటని చూసుకుంటూనే ఉన్నాను.

ఈసారి పని:
మన దగ్గర పొగమంచుకు ఎన్ని పేర్లున్నాయో రాయండి.

ముందు దూకింది బైనిర్, ఆకుపచ్చ.
"మ్యోర్చి. అన్నిటినీ మింగేది."
దాని కిందే మర్యున్, నారింజ.
"స్కద్దా. కొండ నెత్తిన టోపీ. కొండకు చలి కాబట్టి."
కొండకు చలేమిటని బైనిర్ కొట్టేశాడు.
మర్యున్ మళ్ళీ రాసింది.
కొట్టేశాడు.
రాసింది.
తలెత్తి చూస్తే ఇద్దరూ పక్కపక్కనే,
మోచేతులు తగిలేంత దగ్గర,
నోట్లో బియ్యం పోసుకున్నట్టు.
యుద్ధమంతా అక్కడ, రంగుల్లో.
పక్కన ఖాళీలో నేను రాశాను:
"కొండను ఎవరైనా అడిగారా?"
రెండు గీతలూ ఒక్క క్షణం ఆగాయి.

రన్‌వాది నీలం.
ఎప్పుడూ పేజీ అడుగునే ఉంటుంది.
నోరు విప్పితే మాట తట్టుకు పడుతుందని
తెరలో కూడా సగం ముఖమే చూపిస్తుంది, కళ్ళూ నుదురూ.
రాస్తుంది, చెరుపుతుంది, రాస్తుంది.
గంట కొట్టేసరికి మిగిలింది ఒక్క వాక్యం:
"పడవ రేవులోకి వచ్చేసినా కనపడనివ్వని మంచు. పేరు తెలియదు."

ఆ రాత్రి నిద్ర పట్టక పేజీ తెరిచాను.
తుడిచినవన్నీ వెనక్కి తిప్పి చూడొచ్చు ఇందులో.
బోర్డుకు ఆ జ్ఞాపకం ఉండేది కాదు,
తుడిచిందంటే తుడిచిందే.
నీలం గీత చెరిపినవి రెండు చూశాను.
రెండిట్లోనూ ఒక పడవ పేరు.
మూడోది తిప్పలేదు.
పిల్లలకు తుడుచుకునే హక్కు ఒకటి ఉంటుంది.

మూసేయబోతుండగా
పేజీ మూల ఎవరో వచ్చారు.
పేరు చెప్పని వాళ్ళకు ఇది తనే ఒక జంతువు పేరు పెడుతుంది:
పేరులేని నీటికుక్క.
లింకు ఉన్నవాళ్ళెవరైనా రాయవచ్చన్న తలుపుకు
గడియ వేయడం మరిచిపోయింది నేనే.

రాత్రి ఒకటీ నలభై.
బూడిదరంగు గీత మెల్లగా దిగుతోంది,
మ్యోర్చి దాటి, కొండ చలి దాటి
(అక్కడ కాస్త ఆగింది, నవ్విందేమో)
నీలం వాక్యం పక్కకు వచ్చి
నిలబడిపోయింది.
నా టీ చల్లారింది.
ఉప్పునీళ్ళలో ఎక్కడ ఉందో ఆ ట్రాలర్,
ఎంతసేపుంటుందో ఆ సిగ్నలు.

తర్వాత అక్షరం.
చాలాసేపటికి ఇంకో అక్షరం.
చేతిగ్లవ్ తీసి ఒక్క వేలితో కొడుతున్నట్టు.
ఒకే ఒక్క మాట.
ఇన్నేళ్ళ నా పాఠాల్లో వినని మాట.
యంత్రమూ వినలేదు కాబోలు,
కింద ఎర్రటి అల గీసింది.
నీటికుక్క మునిగిపోయింది.

పొద్దున బైనిర్ చూశాడు.
"తప్పు! ఎర్రగీత ఉంది, సరిచేయనా?"
స్పీకర్లోంచి, ఏడాదిలో మొదటిసారి,
"వ... వ... వద్దు."
అందరి గీతలూ చేతులు కట్టుకున్నాయి.
మర్యున్ ఒక్కతే అడిగింది,
"ఎలా పలకాలి?"
రన్‌వా పలికింది.
ఎంతసేపు పట్టిందో
నేను గడియారం చూడలేదు.

పేజీని ముద్ర తీసి మూడు బడుల గోడలకూ అతికించాం.
ఎర్ర అల కాగితం మీద పడదు, అది తెర మీదే ఉంటుంది.
ఫూగ్లోయ్ గోడ మీద మాత్రం
ఎవరో పెన్నుతో గీసి పెట్టారట.

ఆ మాట ఏమిటని అడగకండి.
నేను గడియ వేశాను.