దిగేటప్పుడు

ఆదివారం పొద్దుగాల, ఇంకా చీకటి ఇడువలే.
ఖాజాగూడ గుట్ట కింద
ఇరవై మంది బూట్ల దారాలు బిగించుకుంటున్నరు.
అండ్ల నా యారాలు కూడ ఉన్నది.

బడి పుస్తకంల తోడికోడలని రాసేటిది.
మా దిక్కు ఆ తోడు లేదు,
ఉత్త యారాలే.

ఒకరికి తెల్వకుండ ఒకరి పేరు
రాయించింది ఆమె బిడ్డ స్ఫూర్తి.
షుగరుకు మంచిదని నాకు చెప్పింది,
మోకాళ్ళకు మంచిదని వాళ్ళమ్మకు.

లంగర్‌హౌజుల మాది ఒక్కటే ఇల్లు, నడుమ గోడ.
బోరు ఒక్కటే, మోటరు ఒక్కటే,
కరెంటు బిల్లు కాడ మొదలైన లొల్లితోని
మూడేండ్ల కింద మాట ఆగిపోయింది.
అప్పటిసంది గిన్నెల చప్పుడే నాకు భూదేవి.
కుక్కరు ఎన్ని కూతలేసిందో తెలుసు,
జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నది తెల్వదు.
గోడలకు చెవులుంటయంటరు.
మా గోడకు నోరు లేకపాయె.

ముందు నడిచే పిలగాడు నదీమ్ చెప్పిండు:
"అందరికన్న మెల్లగ నడిచేటోళ్ళే ఇయ్యాల మనకు గడియారం."
అందరు నవ్విన్రు.
ఆ గడియారానికి రెండు ముండ్లున్నయని,
అవి మేమిద్దరమేనని
పది నిమిషాల్ల తేలిపోయింది.

సీతాఫలం పొదల నడుమ బాట సన్నం.
పక్కపక్కన నడిచే జాగ లేదు.
మూడేండ్లు మొఖం చూడనిదాని
మడిమలు చూస్కుంట ఎక్కిన.
ఎడమ బూటు ఒక్క దిక్కే అరిగింది.
ఎప్పటిసంది కుంటుతున్నదో.

ఆడ రెండు బండలు.
ఏనుగంత ఒకటి, దాని మీద ఇంకోటి
రూపాయి బిళ్ళంత జాగల ఆనుకొని నిలబడ్డది.
"పడిపోదా?" అన్నరెవరో.
ఎవరూ జవాబు చెప్పలే.
నడుమ సందుల నుంచి తొండ ఒకటి తల బైటపెట్టి
మా అందర్ని చూసి లోపలికి పోయింది.

తర్వాత నడుమెత్తు బండ.
నేను ముందు ఎక్కి, వెనక్కి తిరిగి
చెయ్యి చాపిన, కోపం యాదికి రాకముందే.
"ముందు నీ కాలు కుదురుగ పెట్టుకో అక్కా,
అప్పుడియ్యి చెయ్యి."
మూడేండ్ల తర్వాత మొదటి మాట.
మంచిమాటనో, ఎత్తిపొడుపో తెల్వలే.
కాలు కుదరకముందే చాపిన చేతులు
నాయి ఇంతకుముందు కూడ ఉన్నయి,
ఆమె పెండ్లైన కొత్తల, మా మామ పోయినప్పుడు.
పట్టుకున్నది ఆమె. పడ్డది ఇద్దరం.

గుట్ట మీద ఒకటే గాలి.
ఒక దిక్కు అద్దాల బిల్డింగులు,
ఒక దిక్కు మంచుల మునిగిన గోలకొండ.
నెమలి అరిచింది, కనపడలే.
నీళ్ళ సీసా నేను ఇంట్లనే మర్చిపోయిన.
భూదేవి సగం తాగి
సీసా బండ మీద పెట్టింది, నా దిక్కు చూడకుండ.
తాగిన.
అవి మా బోరు నీళ్ళే.

ఎక్కుడు ఎవరికి వాళ్ళు ఎక్కొచ్చు.
దిగుడే కష్టం.
దిగేటప్పుడు ముందు నడిచేటోళ్ళే కిందుంటరు.
వెనకున్నది జారితే
బరువంత ముందున్నదాని మీదనే.
పెద్దకోడలినని ముప్పై ఏండ్లు ముందు నడిచిన గాని
ఈ సంగతి నాకెవరూ చెప్పలే.
ఆమె చెయ్యి నా భుజం మీద పడ్డది.
గాజు గుచ్చుకున్నది. తియ్యమనలే.
"పైలం," అన్న.
ఎవరికన్ననో నాకే తెల్వదు.

కింద చాయ్ బండి కాడ వన్ బై టూ తాగినం.
ఎవరి సగం పైసలు వాళ్ళం ఇచ్చినం.
మోటరు బిల్లు సంగతి ఆమె ఎత్తలే, నేనెత్తలే.
అది ఇంకా తేలలే.

రాత్రి గోడ మీద ఒక ఉత్త గిన్నె కనపడ్డది.
దాని ఎనక ఆమె చెయ్యి.
"అక్కా, మా పెరుగంత అయిపోయింది. తోడున్నదా?"

"పాలు చల్లారినయా?" అని అడిగిన.

"మొత్తం చల్లారలే.
గోరెచ్చగున్నయి."