ఎలా ఉన్నది అలాగే

వేలం ప్రకటన అడుగున
చీమతలకాయంత అక్షరాల్లో ఉంది:
"ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే."
ఢిల్లేసు రెండుసార్లు చదివి
"ఇల్లు లేచి పారిపోదని దానర్థం" అన్నాడు.
ఇద్దరం నవ్వుకున్నాం.

కాశీబుగ్గ రైలు గేటు అవతల
మూడు గదులు, పెరడు, ఒక మునగచెట్టు.
పదకొండు లక్షల నలభై వేలు.
పన్నెండేళ్ళుగా నేను పొట్టు తీసిన జీడిపప్పు
ఒకదాని మీద ఒకటి పేరిస్తే
ఎన్ని గోడలు లేస్తాయో
బస్తాల మధ్య కూర్చుని లెక్కేశాను, ఊరికే.

బ్యాంకు మేనేజరు సర్టిఫికెట్టు ఇచ్చాడు
ప్లాస్టిక్ కవర్లో పెట్టి.
తాళంచెవి ఇవ్వలేదు.
రిజిస్ట్రారాఫీసు గుమస్తా ఈసీ తిప్పుకుంటూ పోయి
ఎనభై ఏడు దగ్గర వేలు ఆపాడు.
"తండ్రి ఇద్దరి పేరా రాశాడు.
తాకట్టు పెట్టింది తామాడ హరిశ్చంద్రరావు ఒక్కడే.
చెల్లెలి సంతకం ఏదమ్మా?"

రెండు వారాలన్నాడు బ్యాంకు లాయరు.
ఆ రెండు వారాలు ఇంకా అవలేదు,
వానాకాలాలు రెండు అయిపోయాయి.
ఐదో తారీకు వాయిదా, పదో తారీకు అద్దె.
ఆదివారం పూట చుట్టపుచూపుగా వెళ్ళి
మా ఇంటిని మేమే చూసొస్తాం.
గోడ మీద ఎర్రరంగుతో బ్యాంకు పేరు.
పక్కింటావిడ నాలుగు మునక్కాడలు ఇచ్చింది,
మా చెట్టువే.
ఆవిడకి థాంక్స్ చెప్పి తెచ్చుకున్నాను.

ఓ ఆదివారం ఎదుటి టీకొట్లో
హరిశ్చంద్రరావు కనబడ్డాడు.
తిడదామనే దాటాను రోడ్డు.
నా మొహం చూడకుండా అన్నాడు:
"మోటారు స్విచ్చి తిరగేసి బిగించేసినాడమ్మా ఆ ఎలట్రీషను.
పైకి నొక్కితే ఆగుద్ది. కిందకి నొక్కాల. గేపకం ఉంచుకో."
టీ డబ్బులు ఢిల్లేసు ఇచ్చాడు.
చెల్లెలి ఊరు అతనే చెప్పాడు, హరిపురమని.

దండాసమ్మ జీడిబట్టీ దగ్గర ఉంది,
పొగలో, బూడిద పూసుకున్న చేతులతో.
కాగితం మొత్తం చదివించుకుంది.
"మా అన్న నన్నడగనేదు.
బేంకోల్లు అడగనేదు.
ఇల్లు పోయినాక నువ్వొచ్చి అడుగుతన్నావు."
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఒకరోజు కూలి ఇచ్చీ.
పెరట్లో మాయమ్మ రుబ్బురోలుంది, అది నాది."
అంతేనా అని అడగబోయి ఆగాను.
అంత తక్కువ అడిగితే భయమేసింది,
ఎవరిదో ఏదో ఎత్తుకుపోతున్నట్టు.

బుధవారం వచ్చింది, కొత్త చీరలో.
మిషను మీద వేలు పెట్టింది.
ఎర్రలైటు.
సబ్బుతో కడిగి పెట్టింది. ఎర్రలైటు.
నిమ్మచెక్క రుద్ది, చెంగుతో తుడిచి పెట్టింది.
"సరిపోలలేదు" అంది మిషను, ఆడగొంతుతో.
జీడిసొన నలభై ఏళ్ళుగా తాగేసింది
ఆ వేలి మీది గీతలన్నీ.
నా వేలు పెట్టి చూశాను.
నాదీ అంతే.

గుమస్తా తల గోక్కున్నాడు.
"కళ్ళు చూసే మిషను టెక్కలిలో ఉందమ్మా.
రిపేరులో ఉంది. సోమవారం కనుక్కోండి."

ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం,
నున్నటి బొటనవేళ్ళు ఒళ్ళో పెట్టుకుని.
ఒప్పుకోవలసిన మనిషి ఒప్పుకుంది,
కొన్న మనిషి పక్కనే ఉంది,
పోగొట్టుకున్నవాడు స్విచ్చి సంగతి కూడా చెప్పాడు.
ఇంకెవరు రావాలో ఎవరికీ తెలీదు.

వాన మొదలైంది.
దండాసమ్మ గభాలున లేచింది.
"రోట్లో నీళ్ళు నిలుస్తాయే గుంటా,
దోమలు పెడతాయి.
బేగెల్లి తోడి పారబోయమను ఎవర్నైనా."

ఎవర్ని?
పెరటి తలుపుకి రెండు తాళాలున్నాయి.