రెండు సవర్ల సోడా

నగరత్‌పేటలో మూడో అంతస్తు, కిటికీ లేని గది.
ఫ్యాను వేస్తే పొడి లేస్తుంది, పొడి అంటే బంగారం.
అందుకని ఏప్రిల్లో కూడా చెమటతోనే పని.

మిల్లీగ్రాము చూపే ఆ త్రాసు మీద
మా చెల్లి కాళికాంబ
వంటసోడా పొట్లం విప్పింది.
"పదహారు గ్రాములు తూచన్నా.
కిలో ఒంటికి పాయింట్ మూడు. నేను యాభై మూడున్నర."

పదహారంటే రెండు సవర్లు.
బజ్జీల బండి దగ్గర చిటికెడుగా బతికే సరుకు
నగల పళ్ళెంలో
కొత్తకోడలిలా ముడుచుక్కూచుంది.

ఎనిమిది వందల మీటర్లు తనది, కంఠీరవలో రెండు చుట్లు.
మొదటి చుట్టు కాళ్లది.
రెండోది ఎవరిదో తనకే తెలీదంటుంది.
ఆఖరి నూటయాభైలో తొడలు పులుస్తాయట,
దోసెపిండి పులిసినట్టు కాదు,
బ్యాటరీ పగిలినట్టు.
కండలో పుట్టిన ఆమ్లం నెత్తుట్లోకి రావాలి,
అక్కడ సోడా కాచుకుని ఉండాలి,
ఇదీ కోచ్ బోపయ్య పాఠం.

నాకా పాఠం అక్కర్లేదు.
మాటేసిన ఉంగరాన్ని యాసిడ్‌లో ముంచి
నలుపు తీశాక
సోడానీళ్లలో వేస్తాను రోజూ.
బుస్సుమని ఒక్కసారి పొంగుతుంది.
ఆ తర్వాతే అది ఎవరి వేలికైనా పోవచ్చు.

మొదటిసారి పదహారూ ఒకే గ్లాసులో కలిపింది.
"ఉప్పూ కాదు, సబ్బూ కాదు, గోడ నాకినట్టుందన్నా."
నిమ్మకాయ పిండబోతే చెయ్యి పట్టుకున్నాను:
గ్లాసులోనే పొంగిపోతే నీ కాళ్లకేం మిగులుతుందే?
గంటన్నర తర్వాత ఫోను,
ట్రాక్ మీంచి కాదు, స్టేడియం మరుగుదొడ్లోంచి.
కడుపు డప్పయింది.
"లోపల పునుగులు వేగుతున్నాయి" అని
ఏడుస్తూ నవ్వింది.

తర్వాత నాలుగు పొట్లాలు చేశాం, పొట్లానికి నాలుగు గ్రాములు.
ఇడ్లీతో ఒకటి, అరగంటాగి ఒకటి, అట్లా.
రాళ్లు మడిచే గులాబీరంగు కాగితం,
మీద నా చేతిరాతలో ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఈసారి కడుపు కొంచెం మూలిగి ఊరుకుంది.
కొంచెమే. అయినా నాకు ఆ మరుగుదొడ్డి గొంతు
చెవిలోంచి పోలేదు.

కంసాలి కన్నతల్లి బంగారంలోనూ కొంత తీస్తాడంటారు.
ఆ మాట వినపడ్డప్పుడల్లా మా నాన్న
మారు మాట్లాడకుండా
త్రాసు అంకెల్ని వచ్చినాయన వైపు తిప్పేవాడు.

రాష్ట్రస్థాయి పోటీకి ముందు రాత్రి
నేను త్రాసును గోడవైపు తిప్పుకున్నాను.
పొట్లానికో గ్రాము చొప్పున
నాలుగు గ్రాములు, అర సవర,
నా చెల్లి సోడాలోంచి దొంగిలించాను.

బెల్లు మోగాక మెట్లమీద నిలబడలేక కూచున్నాను.
నూటయాభై దగ్గర తను ఎప్పుడూ పళ్లు బయటపెడుతుంది.
ఈసారి నోరు మూసే ఉంది,
ఏదో రహస్యం దాచినట్టు.
నాలుగో స్థానం.
తన పాత లెక్కకన్నా ఒకటిన్నర సెకను తక్కువ.
"పని చేసిందన్నా సోడా!"
చెమట చేతులతో నా చొక్కా పట్టుకుని ఊపింది.
ఔనన్నాను.

పన్నెండు గ్రాములు చేశాయో,
పదహారనుకున్న నమ్మకం చేసిందో,
ఆ పొద్దుటి మబ్బో,
బోపయ్య ఆర్నెల్లు ఎక్కించిన మెట్లో.
ఒకటిన్నర సెకనంటే
ఊదుగొట్టంలో నా సగం ఊపిరి.
దాన్ని విడదీసి తూచే త్రాసు
నగరత్‌పేటంతా వెతికినా దొరకదు.

నిన్న ఒక కమ్మల జత యాసిడ్‌లోంచి తీసి
సోడా కోసం సొరుగు లాగాను.
ఆ అర సవర పొట్లం చేతికొచ్చింది.
విప్పి, మళ్లీ మడిచి,
కిందికి పోయి కొత్త ప్యాకెట్టు కొనుక్కొచ్చాను.

వచ్చే నెల చెన్నైలో పోటీ.
తన బ్యాగులో గులాబీ కాగితాలు అప్పుడే చేరాయి.
"అన్నా, ఈసారి పద్దెనిమిది తూచు" అంటోంది.