నూట పదిహేడు

డిసెంబరు చివరి ఆదివారం సాయంత్రం
పబ్బు వెనక గదిలో, డార్ట్ బోర్డు పక్కన
హెవిన్ నాలుగు గుండుసూదులతో
ఏడాది జాబితా గుచ్చుతాడు.
గుచ్చేదాకా ఎవరూ అటు చూడరు.
చూడనట్టు ఉండటంలో
మా వేల్స్ లోయ మొత్తం ఒకటే జట్టు.

ముప్పై ఎనిమిదేళ్లు రైల్వే కౌంటర్లో
చిల్లర లెక్కపెట్టిన చెయ్యి అది.
స్కేలు పెట్టి గీసిన గళ్లు,
ఎక్కడా కొట్టివేత లేని అంకెలు.
ఏడాదికి తొమ్మిది పందేలు,
ఐదు తారు మీద, నాలుగు కొండ మీద.
ఒక్కటి పూర్తి చేసినా పేరు ఎక్కుతుంది.

"తారునీ బురదనీ ఒకే తక్కెడలో ఎలా తూస్తావయ్యా?"
పాలబండి ఇథెల్ ఏటా అడిగేదే.
రోడ్డు మీద ఇథెల్ వదిలిన బాణం.
కొండ దిగేటప్పుడు మాత్రం
కోడిగుడ్ల మీద నడిచినట్టు నడుస్తాడు.

హెవిన్ దగ్గర జవాబుంది, భాగహారం.
రేవు రోడ్డు పది కిలోమీటర్లకి ఒకటి.
కాకిబండ కొండకి ఒకటి పాయింటు మూడు ఆరు.
నీ నిమిషాలని దానితో భాగించుకో.
వానపడితే ఇంకో రెండు వందో వంతులు.
పొగమంచుకి ఏమీ లేదు,
అది అందరికీ ఒకటేనంటాడు.
కాదు.
గొర్రెలు కాసే టెలెరికి
ఆ తెల్లటి చీకట్లో కూడా
కంచె ఎక్కడుందో మోకాళ్లు చెబుతాయి.

టెలెరి ప్రతి పందెంలోనూ ఆగుతుంది,
ముందువాళ్లు తెరిచి వదిలేసిన గేటు మూయడానికి.
పన్నెండు సెకన్లు.
పోయినేడు మూడో స్థానం తొమ్మిది సెకన్లలో జారింది.
హెవిన్ కలపలేదు, తీసెయ్యలేదు.
అంచున పెన్సిలుతో
ఆవగింజంత గేటు బొమ్మ వేశాడు.

నా సంగతా?
జున్ను ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, నలభై ఆరేళ్లు,
నూట పదహారో స్థానం.
మొదటి ఏడాది జాబితాని కింద నుంచి పైకి చదివాను.
అలా చదివేవాళ్లు మాటాడుకోరు గానీ
ఒకళ్లనొకళ్లు గుర్తుపడతారు.
వేలు అడుగు గడి మీద పెట్టి, ఊపిరి బిగపట్టి,
అక్కడ నా పేరు లేదు.
హె. ప్రో. అని రెండు పొడి అక్షరాలు.
ఎవరో ముసలాయన అనుకున్నా.
పాపం అని కూడా అనుకున్నా.

ఈ అక్టోబరులో చీలమండ బెణికి
కాకిబండ పందెంలో పరిగెత్తలేదు.
చివరి గేటు దగ్గర ఫ్లాస్కులో టీతో నిలబెట్టారు.
ఎనభై తొమ్మిది మంది దాటారు.
గుర్తుజెండాలు పీకేవాళ్లు కూడా కనిపించాక
గోడ పక్కన హెవిన్,
నిక్కరు మీద పాత రైల్వే కోటు,
ఛాతీ మీద నంబరు,
చేతులు జేబుల్లో.
అలిసిపోయాడనుకున్నా. కాదు, నిలబడ్డాడు.
"వెనక ఇంకెవరైనా?" అన్నాడు.

ఉన్నాడు. ఈ వేసవిలో బస్సు డిపోలో చేరిన
జ్బిగ్‌న్యెవ్, అదే మొదటి పందెం.
ఒక బూటు బురద మింగేసింది,
ఆ కాలికి మేజోడు మాత్రమే.
మమ్మల్ని చూసి సిగ్గుపడి, నవ్వబోయి,
టీ వద్దని చెయ్యూపి
కుంటుకుంటూ దాటిపోయాడు.

హెవిన్ గడియారం తీశాడు.
అరవై దాకా లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ,
చిల్లర లెక్కపెట్టినట్టే.
తర్వాత కోటు విప్పి నా చేతికిచ్చి
పరుగందుకున్నాడు.
డెబ్బై ఒక్కేళ్ల మోకాళ్లవి.
అంత నెమ్మదిగా పరిగెత్తడం
నాకింకా చేతకాదు.

రెండడుగులు వేసి వెనక్కి తిరిగి
"గేటు మూసి రా" అన్నాడు.

ఇవాళ నాలుగు సూదులూ దిగాయి.
ఇథెల్ అప్పుడే వాన వందో వంతుల మీద
గొంతు పెంచాడు.
జ్బిగ్‌న్యెవ్ జనాన్ని తప్పుకుంటూ వెళ్లి
నేను వంగినట్టే వంగి
అడుగు గడి మీద వేలు పెట్టాడు.

ఆ ఊపిరి నాకు తెలుసు.
వెళ్లి భుజం తట్టి చెప్పొచ్చు.
చెప్పలేదు.
రెండు గ్లాసులు తెచ్చి ఒకటి అతనికిచ్చాను.
హెవిన్ కళ్లద్దాలు తుడుచుకుంటూ
ఇథెల్‌కి భాగహారం
మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాడు.