రెండు వేళ్ళ ఎత్తు

వారానికి ఒక్క దినం సెలవు నాకు.
ఆ దినమే వానొచ్చింది.

పొద్దున లేచి చూస్తే కొండ లేదు.
కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు దుప్పటి,
ఎవరో ఆరేసి మర్చిపోయినట్టు.
"వచ్చే వారం పోదాంలే మునిప్రియా" అంటే
చెప్పులు తొడుక్కోని గడప మీద నిలబడిపోయింది.
మాట లేదు, ఏడుపు లేదు.
ఆ ఊరకుండడానికి భయపడి గొడుగు తీసినాను.

కరకంబాడి దారిలో ఆటోవాడు నవ్వినాడు:
"ఈ వానలో పార్కుకా సామీ?"
నవ్వు ఆరేలోగా అరవై ఎక్కువడిగినాడు.

గేటు కాడ మమ్మల్ని చూసి
టికెట్లామె ఉప్మా డబ్బాకి మూత పెట్టింది.
'ఇచ్చిన డబ్బు వాపసు ఇవ్వబడదు' అని బోర్డు.
దాని కింద నుంచి నీళ్ళు మాత్రం
రోడ్డు మీదికి వాపసు పోతా ఉన్నాయి.

లోపల జెయింట్ వీలు
గాలికి ఊగినప్పుడల్లా
ఒక్కో తొట్టి లోంచి ఒక్కో దోసెడు పారబోస్తా ఉంది.
కప్పూ సాసర్లు నిండి పొర్లుతున్నాయి, తాగే దిక్కు లేదు.
రంగులరాట్నానికి టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించినారు.
కింద నుంచి గుర్రాల గిట్టలు కనబడతాయి, అంతే.

డ్రాగన్ రైలు కాడ
చెయ్యి చాపుకోని జోకరు బొమ్మ.
ఆ చెయ్యి తలకు తగిలితేనే రైలెక్కేది.

పోయినేడు రెండు వేళ్ళు తక్కువైంది.
అప్పటికి వారమే,
కళ్యాణకట్టలో నేనే దానికి గుండు గీసి.
మొక్కు వాళ్ళవ్వది, కత్తి నాది.
"నువ్వు జుట్టు తీసినందుకే పొట్టయినాను" అని
ఇంటిదాకా ఏడ్చింది.
దినానికి ఎన్ని తలలో నేను లెక్కపెట్టను.
ఎవరితోనైనా ఒకటే మాట, తల వంచండి.
ఈ ఒక్క తల మాత్రం
ఏడాదంతా నా ముందర వంగకుండా నిలబడి
ఆ రెండు వేళ్ళూ తిరిగివ్వమనింది.

ఇప్పుడు జుట్టొచ్చింది.
పొద్దున్నే వాళ్ళమ్మ చేత నడినెత్తిన కొప్పు వేయించి
దాని మీద బంతిపువ్వు నిలబెట్టించింది.
గేటు దాటకముందే వాన ఆ గోపురాన్ని కూల్చింది.
వెంట్రుకలన్నీ చెంపలకు అతుక్కోని
తడిసిన కోడిపిల్ల మాదిరి జోకరు కింద నిలబడింది.

చొక్కా మీద డిల్లీబాబు అని పేరున్న పిల్లోడు
రెయిన్‌కోటు లోంచి చెయ్యి తీసి
అరచేత్తో నెత్తి మీద అదిమినాడు.
ఊపిరి బిగబట్టింది నేను.
"తల ఎత్తు పాపా" అన్నాడు.

తగిలింది.
జుట్టు కాదు, నడినెత్తే తగిలింది.

"అయితే బండి పోదన్నా, పట్టాలు తడి. కరెంటు తీసేసినారు."

ఇట్లాంటప్పుడు ఏం చెప్పల్ల?
నాకొచ్చిన మాటలు రెండే.
తల వంచండి.
తరవాతోళ్ళు రండి.

అదే అడిగింది, "ఊరికే కూర్చోవచ్చా?"

డిల్లీబాబు మేనేజరు కిటికీ వైపు చూసినాడు.
మూసే ఉంది.
ముందు పెట్టెలో సీటు తన తువ్వాలుతో తుడిచినాడు,
తుడిచినంతలో మళ్ళీ తడిసింది.
కడ్డీ దించి, పడిందో లేదో రెండుసార్లు లాగి చూసినాడు,
నిజంగానే పోతున్నట్టు.

"గట్టిగా పట్టుకో నాయినా."

కదలని రైల్లో ఇద్దరం.
ఎదురుగా పట్టా ఎక్కి ఎక్కి మబ్బులో దూరింది.
అప్పుడొచ్చింది గాలి.
వాన అడ్డంగా మొహాన కొట్టింది.
కళ్ళు మూసుకోని అరిచింది మునిప్రియ,
ఏడాదిగా దాచిపెట్టుకున్న అరుపు.
షెడ్డు కింద కంకులు కాల్చే ఆమె
విసనకర్ర ఆపి చూసింది.
నాకు నోరు రాలేదు, మంది ముందర అరిచే అలవాటు లేదు.

రెండో గాలికి అరిచినాను.

దిగుతుంటే డిల్లీబాబు అడిగినాడు,
"కళ్ళు తిరగలేదు కదన్నా?"
నిజం చెప్పల్లంటే, కొంచెం.

ఆటో కోసం నిలబడినప్పుడు చేతులు చాపి చూపించింది.
"నాయినా, నా వేళ్ళు నీ వేళ్ళ మాదిరి ముడతలు పడిపోయినాయి."
"ఆరితే పోతాయిలే" అన్నాను.
మరి నీవెందుకు పోవు అని అడుగుతుందేమోనని చూసినాను.
కంకి తింటా ఉంది.